మన బండలో, మన ఎర్రమట్టిలో రేర్ ఎర్త్‌లు ఉన్నాయా?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)

  

"నీ పని గురించి ఇరవై నిమిషాలు చెప్పు, కానీ అందరికీ అర్థం కావాలె" అని కమిటీ వాళ్లు షరతు పెట్టారు. నేను కెమికల్ ఇంజనీరును. ముప్పై ఏళ్లుగా పంపులతో, సన్నని స్టీలు గొట్టాలతో, కలిసిపోయిన పదార్థాలను విడదీసే పనిలో ఉన్నాను. దీన్ని ఉన్నదున్నట్టు చెబితే మీరు భోజనాల వైపు చూస్తారు. అందుకని ఒక ఫోన్ కాల్‌తో మొదలుపెడతాను.

పోయిన ఏడాది వానాకాలం, రాత్రి పదిన్నర దాటింది. ఫోన్ చేసింది మన బ్యాచ్ వాడే. ఇప్పుడు ఈ హాల్లోనే ఉన్నాడు. కథ చెప్పుకోమన్నాడు గానీ పేరు చెప్పొద్దన్నాడు. వాడికి వికారాబాద్ నుంచి ధారూర్ పోయే దారిలో నాలుగెకరాల ఎర్రమట్టి చెలక ఉంది. తాండూరులో బండల పాలిషింగ్ యూనిట్‌లో కొంత వాటా ఉంది.

"అరేయ్, పండుకున్నవా? ఒక్క మాట చెప్పు. డిస్ప్రోసియం అంటే ఏంది?"

నా సర్వీసులో ఆ మాట తాండూరు మనిషి నోట వినడం అదే మొదటిసారి. లేచి కూర్చున్నాను.

సంగతేమిటంటే, హైదరాబాద్ నుంచి ఒకాయన కారులో వచ్చాడు. పిస్తోలు లాంటి మిషను తెచ్చాడు. దాన్ని మట్టికి ఆనించి మీట నొక్కితే నిమిషంలో తెర మీద మూలకాల పట్టీ వచ్చింది. డిస్ప్రోసియం ఎదురుగా 0.6 శాతం అని ఉంది. ఆ పట్టీ ప్రింటు తీసి చేతికిచ్చాడు. "చైనా వాళ్లు ఎగుమతి ఆపిన్రు. దేశమంతా దీనికోసమే ఎదురుచూస్తున్నది. లైసెన్సు పనులన్నీ మేం చూసుకుంటం. ఐదు లక్షలు అడ్వాన్సు కట్టు" అన్నాడు. మనవాడు అప్పటికే యాభై వేలు ఇచ్చేశాడు. మిగతా దానికి బిడ్డ పెళ్లికి దాచిన డబ్బు తీయాలా వద్దా అన్నది ఆ రాత్రి వాడి సమస్య.

వచ్చినాయన చెప్పినదంతా అబద్ధం కాదు. కష్టం అక్కడే ఉంది. 2025 ఏప్రిల్‌లో చైనా ఏడు రేర్ ఎర్త్ లోహాల ఎగుమతికి లైసెన్సు తప్పనిసరి చేసిన మాట నిజం. ఆ ఏడింటిలో డిస్ప్రోసియం ఉంది. ఎలక్ట్రిక్ స్కూటర్ మోటారులో ఉండే అయస్కాంతం నియోడిమియం, ఇనుము, బోరాన్‌లతో చేస్తారు. మోటారు వేడెక్కినప్పుడు అయస్కాంతం బలం పోకుండా అందులో కొంచెం డిస్ప్రోసియం వేస్తారు. ఆ కొంచెం లేక మన దేశంలో బండ్లు చేసే కంపెనీలు కంగారు పడ్డాయి. చైనాలో డిస్ప్రోసియం ఎక్కువగా ఎర్రమట్టి నుంచే వస్తుందన్నదీ నిజమే. దక్షిణాన జియాంగ్సీ ప్రాంతంలో 1969లో అలాంటి మట్టిని గుర్తించారు. కాబట్టి నా మిత్రుడు అడిగింది పిచ్చి ప్రశ్న కాదు. వాళ్ల ఎర్రమట్టిలో ఉన్నప్పుడు మన ఎర్రమట్టిలో ఎందుకుండదు?

దీనికి జవాబు చెప్పాలంటే ముందు ఈ లోహాల సంగతి చెప్పాలి.

మనం పీరియాడిక్ టేబుల్ బట్టీ పట్టినప్పుడు అడుగున విడిగా రెండు వరుసలుండేవి. పరీక్షకు రావని సార్ కూడా వాటిని వదిలేశారు. (సార్ నవ్వుతున్నారు, అంటే ఒప్పుకున్నట్టే.) అందులో పై వరుస లాంథనమ్ నుంచి లుటీషియం దాకా పదిహేను. వాటికి స్కాండియం, ఇట్రియం కలిపితే పదిహేడు. మన పుస్తకంలో వీటిని విరళ మృత్తికలు అన్నారు. విరళం అన్న మాటే తప్పుదారి పట్టిస్తుంది. వీటిలో సీరియం భూమి పొరలో రాగికి దగ్గరగా దొరుకుతుంది. ఉండటం అరుదు కాదు, ఒకచోట పోగుపడటం అరుదు. పోగుపడినా విడివిడిగా దొరకవు, కలిసే ఉంటాయి.

ఎందుకు కలిసి ఉంటాయి? ఇవి అచ్చం అన్నదమ్ముల్లాంటివి. అన్నీ మూడేసి ఎలక్ట్రాన్లు వదిలి అయాన్లవుతాయి. కొత్తగా చేరే ఎలక్ట్రాన్లు లోపలి అరల్లోకి పోతాయి కాబట్టి పైకి కనిపించే స్వభావం మారదు. తేడా అంటూ ఉంటే అది సైజులో మాత్రమే. లాంథనమ్ అయాన్ వ్యాసార్థం 103 పికోమీటర్లు, వరుస చివర ఉన్న లుటీషియంది 86. ఈ 17 పికోమీటర్ల తేడాను పద్నాలుగు అడుగుల్లో పంచుకుంటే పక్కపక్క వాటికి మధ్య ఒకటికి కాస్త పైన. పికోమీటర్ అంటే మీటరులో లక్ష కోట్లవ వంతు. ఈ రంగంలో ఎవరికైనా చేతిలో ఉన్న ఆయుధం ఆ తేడా ఒక్కటే.

ఆ తేడాను పట్టుకోవడానికి పాత తరం వాళ్లు పడ్డ పాట్లు వింటే మనం ల్యాబుల్లో పడేది కష్టమే అనిపించదు. 1841లో మొసాండర్ అనే స్వీడన్ రసాయనవేత్త ఒక కొత్త మూలకం దొరికిందనుకొని దానికి డిడీమియం అని పేరు పెట్టాడు. గ్రీకులో కవల అని అర్థం. నలభై నాలుగేళ్ల తర్వాత, 1885లో, ఆస్ట్రియాలో కార్ల్ ఆవర్ ఫాన్ వెల్స్‌బాఖ్ దాన్ని కరిగించి, స్ఫటికాలు కట్టించి, మళ్లీ కరిగించి, మళ్లీ కట్టించి చివరికి రెండుగా చీల్చాడు. కవల అని పేరు పెట్టినదాంట్లోనే కవలలున్నారు. వాళ్లే ప్రసియోడిమియం, నియోడిమియం. అమెరికాలో చార్లెస్ జేమ్స్ అనే ఆయన శుద్ధమైన థూలియం కోసం 1911 నాటికి దాదాపు 15,000 సార్లు స్ఫటికీకరణ చేశాడు. మన ప్రాక్టికల్స్‌లో మైలుతుత్తం స్ఫటికం ఒక్కసారి కట్టించమంటే పక్కవాడి బీకరులోంచి దొంగిలించినవాళ్లం మనం.

ఈ వెల్స్‌బాఖ్‌ను మీరంతా చూశారు. అంటే ఆయన చేతి పనిని చూశారు. మన చిన్నప్పుడు పెళ్లి ఊరేగింపుల్లో, రాత్రి జాతరల్లో నెత్తిన పెట్రోమాక్స్ లైట్లు మోసేవారు గుర్తుందా? అందులో తెల్లగా వెలిగే బట్ట సంచి, మాంటిల్, ఆయన కనిపెట్టిందే. థోరియం ఆక్సైడ్ 99 పాళ్లు, సీరియం ఆక్సైడ్ ఒక పాలు. ఆ ఒక్క పాలు లేకపోతే అంత వెలుగు రాదు. సిగరెట్ లైటర్‌లో నిప్పురవ్వ లేపే రాయి కూడా ఆయనదే, అందులో ఎక్కువ భాగం సీరియం. మాంటిళ్లకు థోరియం కావాలి, థోరియం మోనజైట్ ఇసుకలో ఉంటుంది. 1909లో షోంబర్గ్ అనే జర్మన్ ఆ ఇసుకను తిరువాంకూరు తీరంలో గుర్తించాడు. మన దేశంలో రేర్ ఎర్త్‌ల కథకు మొదలు అది. 1950లో ఇండియన్ రేర్ ఎర్త్స్ సంస్థ పుట్టింది, 1952లో కేరళలోని ఆలువాలో ఫ్యాక్టరీ మొదలైంది.

ఇక నా వృత్తి దగ్గరికి వస్తాను. స్ఫటికాలు కట్టించే గోల లేకుండా ఆ చిన్న తేడాను పట్టుకునే ఉపాయం క్రొమటోగ్రఫీ. ఆ మాట తెలియకుండానే మనం ఆ ప్రయోగం చేశాం. ఎనిమిదో తరగతిలో సార్ చాక్‌పీసు మీద నల్లసిరా చుక్క పెట్టి, కింది కొసను నీళ్లలో నిలబెట్టారు. నీళ్లు పైకి పాకాయి. వాటితో పాటు సిరా పాకుతూ నీలం ఒకచోట, ఎరుపు ఒకచోట, పసుపు ఇంకోచోట ఆగిపోయింది. నల్లరంగులో ఇన్ని రంగులా అని నోరు తెరిచాం. 1900ల మొదట్లో రష్యా వృక్షశాస్త్రజ్ఞుడు మిఖాయిల్ త్స్వెట్ చేసిందీ ఇదే. సున్నపురాయి జాతి పొడిని గాజు గొట్టంలో కూరి, ఆకుపసరును పైనుంచి పోసి, పత్రహరితాన్ని, పసుపు రంగులను పట్టీలుగా విడదీశాడు. ఆయన వాడిన కాల్షియం కార్బొనేటే మన తాండూరు బండలోనూ ప్రధాన పదార్థం. ఆయన మన ఊరు వచ్చి ఉంటే పాలిషింగ్ యూనిట్ల వెనక పారేసిన పొడి చాలు, ఏడు జన్మలకు సరిపోయేది.

ఇది ఎలా పనిచేస్తుందో అనంతగిరి జాతరతో చెబుతాను. కార్తీక మాసంలో పదిహేను మంది అన్నదమ్ములు కొండ కింద ఒకేసారి నడక మొదలుపెట్టారనుకోండి. అందరి నడక వేగం ఒకటే. దారి పొడుగునా మిఠాయి కొట్లు, గాజుల కొట్లు. పెద్దవాడు ప్రతి కొట్టు దగ్గరా కాస్త ఎక్కువ ఆగుతాడు, చిన్నవాడు కాస్త తక్కువ. ఒక్క కొట్టు దగ్గర చూస్తే ఆ తేడా రెప్పపాటు. అలాంటివి పదివేల కొట్లుంటే, గుడి దగ్గరికి పదిహేను మంది పదిహేను వేర్వేరు సమయాల్లో చేరతారు. కాలమ్‌లో కొట్టు అంటే రెసిన్ గింజ మీద అయాన్‌ను పట్టుకునే చోటు. నడక అంటే ద్రవం ప్రవాహం.

అయితే ఇక్కడ ఒక చిక్కు. అందరికీ ఆవేశం మూడే కాబట్టి గింజలు అందరినీ ఇంచుమించు ఒకేలా పట్టుకుంటాయి. తేడా తెప్పించేది ద్రవంలో కలిపే ఒక ఆమ్లం, ఆల్ఫా హైడ్రాక్సీ ఐసోబ్యూటిరిక్ ఆమ్లం. 1956 నుంచి దీన్ని వాడుతున్నారు. కొట్టు దగ్గర నిలబడ్డ పిల్లవాడి చెయ్యి పట్టి "పోదాం పా" అని గుంజే అమ్మ లాంటిది. చిన్న అయాన్ మీద ఆవేశం దగ్గరగా ఉంటుంది కాబట్టి అమ్మ పట్టు దాని మీద గట్టిగా పడుతుంది. అందుకే అందరికంటే చిన్నది లుటీషియం ముందు బయటికి వస్తుంది, లాంథనమ్ చివర వస్తుంది. పీరియాడిక్ టేబుల్ వెనక నుంచి చదివినట్టుంటుంది. నేను మొదటిసారి చూసిన రోజు భోజనానికి పోలేదు.

పదివేల కొట్లన్నది మాట వరసకు అనలేదు. ల్యాబులో వాడే కాలమ్ పొడవు జానెడు కంటే కాస్త ఎక్కువ, 25 సెంటీమీటర్లు. లోపలి రంధ్రం 4.6 మిల్లీమీటర్లు. నిండా 5 మైక్రాన్ల సిలికా గింజలు. వాటి సందుల్లోంచి ద్రవం పోవాలంటే పంపు గాలి పీడనానికి వంద రెట్లకు పైగా నెట్టాలి. బయటికి రాగానే ఆర్సెనాజో అనే రంగు కలుపుతాం. లోహం ఉంటే గులాబీ రంగు నీలానికి తిరుగుతుంది, తెర మీద ఒక గుట్ట లేస్తుంది. మా భాషలో దాన్ని పీక్ అంటాం. కల్పాక్కంలోని ఇందిరాగాంధీ అణు పరిశోధన కేంద్రంలో ఈ పద్ధతినే పదును పెట్టి, లాంథనైడ్లను కొన్ని నిమిషాల్లో విడదీస్తున్నారు. రియాక్టరులో వాడిన ఇంధనంలో లాంథనమో, నియోడిమియమో ఎంత పుట్టిందో కొలిస్తే ఇంధనం ఎంత ఖర్చయిందో లెక్క తేలుతుంది. అసలు ప్రొమీథియం అనే మూలకం ఉందని మనుషులకు నమ్మకం కలిగిందే ఇలాంటి కాలమ్ వల్ల. 1945లో అమెరికాలోని ఓక్‌రిడ్జ్‌లో మరిన్‌స్కీ, గ్లెండెనిన్, కోరియెల్ దాన్ని రియాక్టరు వ్యర్థంలోంచి విడదీశారు.

ఇప్పుడు మళ్లీ ఫోను దగ్గరికి.

ఆ పిస్తోలు మిషను దొంగ మిషనేమీ కాదు, ఎక్స్‌రే ఫ్లోరెసెన్స్ పరికరం. గనుల్లో, పాత ఇనుము వ్యాపారంలో రోజూ వాడతారు. మూలకం మీద ఎక్స్‌రే పడితే తనకంటూ ఉన్న శక్తితో ఎక్స్‌రేను తిరిగి విసురుతుంది. ఆ శక్తిని బట్టి మూలకాన్ని గుర్తుపడుతుంది. ఇనుము విసిరేది 6.40 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు. డిస్ప్రోసియం విసిరేది 6.50. మాంగనీసుకున్న రెండో గీత 6.49. చేతి మిషను కంటికి ఈ మూడూ ఒకదాని మీద ఒకటి పడి ఒకే ముద్దలా కనిపిస్తాయి. లోపలి లెక్క సరిగా పెట్టకపోతే ఇనుమును తీసుకుపోయి డిస్ప్రోసియం ఖాతాలో వేస్తుంది. మన అనంతగిరి ఎర్రమట్టి ఎందుకు ఎర్రగా ఉంటుంది? ఇనుము వల్ల.

నేను వాడికి ఇంత వివరం చెప్పలేదు. "ఆయన మళ్లొస్తే ఆ గన్నును మీ గేటుకు పెట్టుమను" అన్నాను.

నాలుగు రోజుల తర్వాత ఆయన మళ్లీ వచ్చాడు. మనవాడు చెలక గట్టున ఉన్న పాత నాగలి కర్రు చూపించి, దీన్ని కూడా జర చూడండి సార్ అన్నాడు. మట్టిలో కంటే కర్రులో డిస్ప్రోసియం చాలా ఎక్కువగా వచ్చింది. ఆయన బ్యాటరీ డౌన్ అయిందన్నాడు. తర్వాత ఫోన్ ఎత్తలేదు. యాభై వేలు తిరిగి రాలేదు. ఆయనకు తెలిసే చేశాడా, ఆయనను కూడా ఎవరైనా నమ్మించారా, నాకు తెలియదు.

ఇక్కడ నేను ఆయన్ను చూసి నవ్వితే తప్పవుతుంది. ఎందుకంటే అదే లోహం విషయంలో నేనూ ఒకప్పుడు ఒకరికి తప్పు కాగితం ఇచ్చాను.

ఇరవై ఏళ్ల కిందటి మాట. ఒక చిన్న ప్రైవేటు ల్యాబులో ఉండేవాణ్ణి. ఒక వ్యాపారి సరుకు కొనబోతూ నమూనా పంపాడు. కాలమ్ నడిపాను. డిస్ప్రోసియం రావాల్సిన నిమిషానికి ఎత్తైన పీక్ వచ్చింది. రిపోర్టు రాసి సంతకం పెట్టాను. ఆయన దాన్ని చూసి సరుకు కొన్నాడు. తర్వాత వేరే పని మీద ద్రవం ఆమ్లత కొంచెం మార్చి అదే నమూనాను మళ్లీ నడిపితే ఆ పీక్ భుజం వంచింది. ఇంకా నెమ్మదిగా నడిపితే రెండుగా విడిపోయింది. చిన్నది డిస్ప్రోసియం. పెద్దది ఇట్రియం. ఇట్రియం ఈ వరుసలోది కాదు, చాలా పైన ఉండే మూలకం. కానీ దాని అయాన్ సైజు డిస్ప్రోసియం, హోల్మియంల దగ్గర ఉండటంతో వాటి మధ్యకు వచ్చి కూర్చుంటుంది. ఖనిజాల్లో ఎక్కువ దొరుకుతుంది, ధర మాత్రం డిస్ప్రోసియంతో పోలిస్తే చాలా తక్కువ. ఈ సంగతి పుస్తకాల్లో ఉంది. నేను చదివే ఉన్నాను. ఆ రోజు తొందరలో ఇట్రియం స్టాండర్డ్ విడిగా నడిపి చూడలేదు, అంతే.

పైవాళ్లకు చెప్పాను. రిపోర్టు పోయింది కదా, ఇప్పుడెందుకు కెలుకుతావన్నారు. నాలుగు రోజులు ఊరుకున్నాను. ఆ నాలుగు రోజులు ఇప్పటికీ లెక్కపెట్టుకుంటాను, ఎందుకంటే మొదటి రోజే చెప్పి ఉంటే ఆయన సరుకులో సగమన్నా ఆపుకునేవాడు. ఐదో రోజు ఫోన్ చేశాను. ఆయన తిట్టాడు, తర్వాత చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ నెలాఖరుకు నాకు ఉద్యోగం మారాల్సి వచ్చింది. అప్పటి నుంచి ఏ పీక్‌కైనా పేరు పెట్టే ముందు రెండు వేర్వేరు ఆమ్లతల దగ్గర నడుపుతాను, అనుమానం ఉన్న మూలకాన్ని కొంచెం కలిపి చూస్తాను. కలిపింది అదే పీక్‌ను పెంచితే సరే. పక్కన కొత్త భుజం లేస్తే ఆగాలి.

సరే, కర్రు పరీక్ష అయిపోయినా మనవాడి మనసు ఒప్పుకోలేదు. "గన్ను తప్పంటివి. నీ మిషనుతోని చూసి చెప్పు. లేదంటే లేదని తెలుస్తది కదా." న్యాయమైన మాట. ఒక ఆదివారం ప్యాసింజర్‌లో ఎర్రమట్టి సంచి, రెండు బండ ముక్కలు పట్టుకొని దిగాడు.

చైనా మట్టిలో రేర్ ఎర్త్‌లు ఎలా చేరాయో తెలిస్తే ఈ పరీక్ష అర్థమవుతుంది. అక్కడ గ్రానైటు కోట్ల వానలకు కుళ్లి బంకమట్టి అయింది. రాతిలోంచి కరిగిన అయాన్లు కిందికి దిగుతూ ఆ బంకమట్టి రేణువులకు అంటుకున్నాయి. అంటే కొండే ఒక కాలమ్, వానే పంపు. అమ్మోనియం సల్ఫేటు నీళ్లు పోస్తే ఆ అయాన్లు మట్టిని వదిలి నీళ్లలోకి వచ్చేస్తాయి. అమ్మోనియం సల్ఫేటు అంటే మనం పొలాలకు చల్లేదే. ఆ మట్టిలో కూడా ఉండేది చాలాచోట్ల వెయ్యి పాళ్లలో ఒకటి రెండు పాళ్లకు మించదు. సులువుగా ఊడొస్తుంది కాబట్టే గిట్టుబాటు. దానివల్ల అక్కడి కొండలకు, బావులకు జరిగిన నష్టం వేరే ఉపన్యాసం.

మన అనంతగిరి ఎర్రమట్టి పుట్టుక వేరు. అది దక్కను లావా రాయి, బసాల్ట్, కుళ్లి అయిన లేటరైట్. ఆ రాతిలో మొదలే ఈ లోహాలు గ్రానైటులో కంటే తక్కువ. అయినా పరీక్ష పరీక్షే. మట్టిని అమ్మోనియం సల్ఫేటుతో కడిగాను. ఆ నీళ్లలో ఆక్సాలిక్ ఆమ్లం వేస్తే రేర్ ఎర్త్‌లు అడుగుకు దిగుతాయి, ఇనుము పైనే ఉండిపోతుంది. దిగినదాన్ని కాల్చి, నైట్రిక్ ఆమ్లంలో కరిగించి, కాలమ్ ఎక్కించాను. మనవాడు నా పక్కనే స్టూలు వేసుకొని తెరకేసి చూస్తూ కూర్చున్నాడు. పదో తరగతి రిజల్ట్స్ రోజు కూడా వాడు అంత బుద్ధిగా కూర్చోలేదు.

లుటీషియం సమయం దాటింది, గీత కదల్లేదు. డిస్ప్రోసియం నిమిషం వచ్చింది. స్కేలు పెట్టి గీసినట్టుంది. చివర్లో నియోడిమియం దగ్గర చిన్న ఎత్తు, లాంథనమ్ దగ్గర ఇంకో చిన్న ఎత్తు. ఆ ఒక్క సంచి మట్టి వరకు నేను చెప్పగలిగింది అదే.

"అంటే ఉన్నట్టా, లేనట్టా?" అన్నాడు.

ఉన్నాయి. ఏ మట్టిలోనైనా ఉంటాయి. మీ పెరట్లో తవ్వినా సీరియం దొరుకుతుంది. ఒక టన్ను మామూలు నేలరాతిలో అన్ని రేర్ ఎర్త్‌లూ కలిపి నూటయాభై, రెండు వందల గ్రాములుండొచ్చు. సున్నపురాతిలో ఇంకా తక్కువ. ఒక టన్ను మోనజైట్‌లో సగానికి పైగా, దాదాపు 550 కిలోలు. ఈ రెండు అంకెల మధ్య దూరమే వ్యాపారం. అదీ ముడిగా పోగుచేసేంత వరకే. అక్కడి నుంచి విడదీయడం మొదలవుతుంది. ప్రసియోడిమియం, నియోడిమియం జంటను మామూలుగా వాడే ద్రావకాలతో ఒకసారి కలిపి తీస్తే ఒకటి ఇంకోదానికంటే ఒకటిన్నర రెట్లు కూడా ఎక్కువ రాదు. ఒకటిన్నరను పదిసార్లు గుణిస్తే 58. ఇరవైసార్లు గుణిస్తే 3,300 దాటుతుంది. అందుకే ఫ్యాక్టరీల్లో వందల తొట్లు వరుసగా పెట్టి, ఆమ్లపు నీళ్లను ఒక దిక్కు నుంచి, నూనె ద్రావకాన్ని ఇంకో దిక్కు నుంచి నడుపుతారు. నా కాలమ్ చేసే పనే, కాకపోతే ఎకరాల మీద.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికాలోని అయోవాలో ఫ్రాంక్ స్పెడింగ్ పెద్ద పెద్ద అయాన్ మార్పిడి కాలమ్‌లతోనే కిలోల లెక్కన శుద్ధ లోహాలు తీశాడు. తర్వాత చవక కోసం అందరూ తొట్ల వైపు పోయారు. ఇప్పుడు ఆమ్లాల వ్యర్థం భయానికి మళ్లీ కాలమ్ వైపు చూస్తున్నారు. పర్డ్యూ విశ్వవిద్యాలయంలో లిండా వాంగ్ బృందం పాత అయస్కాంతాల్లోంచి నియోడిమియం, డిస్ప్రోసియం విడదీయడానికి అలాంటి పద్ధతి తయారుచేసింది. నాకు దీని మీద ఆశ ఉంది. మనవాడి చెలక తవ్వడం కంటే మన పాత హార్డ్ డిస్కులు, పాడైన మోటార్లు విప్పడం మేలు. వాటి అయస్కాంతాల్లో ఈ లోహాలు ఏ గనిలోనూ లేనంత చిక్కగా ఉన్నాయి.

మన తెలుగు నేల మీద అసలు నిల్వలెక్కడ అంటారా? భీమిలి వైపు, ఆ తీరం పొడుగునా ఇసుకలో. దేశంలో మోనజైట్ నిల్వల్లో ఆంధ్రప్రదేశ్‌దే పెద్ద వాటా. దాన్ని లెక్కగట్టే అణు ఖనిజాల సంస్థ ప్రధాన కార్యాలయం మన బేగంపేటలోనే ఉంది. 2023లో హైదరాబాద్ ఎన్‌జీఆర్‌ఐ వాళ్లు అనంతపురం జిల్లా రాళ్లలో రేర్ ఎర్త్ ఖనిజాలు చూశామని ప్రకటించారు. విశాఖ దగ్గర ఐఆర్‌ఈఎల్ సమేరియం, కోబాల్ట్ అయస్కాంతాల ప్లాంటు పెట్టింది. ఏడాదికి 3,000 కిలోలు, చిన్నదే. ఇంకో మాట, ఇది డబ్బుల సంగతి కాబట్టి గుర్తుపెట్టుకోండి. 2023లో గనుల చట్టం సవరించాక ఇలాంటి కీలక ఖనిజాల గనులను వేలం వేసేది కేంద్ర ప్రభుత్వం. మోనజైట్ అణు ఖనిజాల కింద ఉంది. మీ పొలం కింద ఏదున్నా, లైసెన్సు ఇప్పిస్తానని అడ్వాన్సు అడిగేవాడి చేతిలో ఏమీ లేదు. ఆ కాగితాలు పట్టుకొని వికారాబాద్ నుంచి ఇంకా ఇద్దరు నాకు ఫోన్ చేశారు కాబట్టి చెబుతున్నాను.

ఇక బండ ముక్కల సంగతి. మనవాడు వాటిని మర్చిపోయాడు గానీ నేను మర్చిపోలేదు. మన నీలం బండ, పసుపు బండ ఒకప్పటి సముద్రం అడుగు. డైనోసార్లకు చాలా ముందు ఇక్కడ నిస్సారమైన సముద్రం ఉండేది, దాని సున్నపు బురద పొరలు పొరలుగా గట్టిపడి భీమా బేసిన్ రాయి అయింది. షాబాద్ బండ అని దేశమంతా పోయేది అదే. సముద్రపు నీటిలో ఈ అన్నదమ్ములు కొంచెం కొంచెం ఉంటారు. అందులో సీరియంకు మాత్రం ఒక గుణం ఉంది. ఆక్సిజన్ తగిలితే నాలుగో ఎలక్ట్రాన్ కూడా వదిలి, నీళ్లను విడిచి అడుగుకు పోతుంది. అలాంటి నీళ్లలో పుట్టిన సున్నపురాతిలో లాంథనమ్‌కు, ప్రసియోడిమియంకు మధ్య సీరియం జాగా తగ్గి, గుంట పడుతుంది. షాబాద్ సున్నపురాతిలో భూగర్భ శాస్త్రజ్ఞులు ఈ వరుసను కొలిచి, ఆ కాలపు సముద్రంలో గాలి ఎలా ఉండేదో చెప్పే ప్రయత్నం చేశారు. టన్నుకు కొన్ని గ్రాములే. కొనేవాడు లేడు. కానీ మనం ప్రార్థన చేసిన వరండాలో, వేసవిలో చెప్పులు విప్పి చల్లగా కాళ్లు పెట్టిన ఆ బండల్లో, ఆ వరుస ఉంది.

బండ ముక్కలను నేనింకా నడపలేదు. సున్నం ఎక్కువ కాబట్టి ముందు దాన్ని తీసేయాలి, అదొక రోజు పని. మనవాడు వారానికోసారి ఫోన్ చేసి "మన బండ ఏమన్నది?" అని అడుగుతున్నాడు. వచ్చే నెల చేస్తాను.

భోజనాలయ్యాక ఉండేవాళ్లు మా పాత ఎనిమిదో తరగతి గదికి రండి. చాక్‌పీసులు, బ్రిల్ సిరా, స్టీలు గ్లాసులు తెచ్చాను. ఇప్పటి చాక్‌పీసు సున్నపురాయి కాదు, ఎక్కువగా జిప్సం, అయినా పనిచేస్తుంది. చుక్క పెట్టే పని మాత్రం సార్‌దే.